ఓబ్రే అంటే ఏమిటి

పునీత యోహాను పండుగ వెళ్ళిందంటే త్రువా పట్టణంలో ఎవరి ఇల్లూ వాళ్ళది కాదు. ఎండాకాలపు సంతకు వచ్చిన వర్తకులు మేడగదుల్లోనూ, గుర్రపుసాలల్లోనూ, ఎక్కడా చోటు దొరక్కపోతే వంటింటి అటకల మీదా సర్దుకుంటారు. కొవ్వొత్తులు చేసే ఓబ్రే మాత్రం ఎవరికీ చోటివ్వదు. మైనం కాగే ఇంట్లో కొత్తవాళ్ళు తిరిగితే ఏ క్షణాన ఏం అంటుకుంటుందోనని అంటుంది. అసలు సంగతేమిటంటే, భర్త పోయిన ఇన్నేళ్ళలో ఆవిడకి తన ఇంటి నిశ్శబ్దం అలవాటైపోయింది.

ఆ నిశ్శబ్దాన్ని చెడగొట్టే హక్కు ఒక్క పెరొనెల్‌కే ఉంది. పెరొనెల్ పక్కింటి నేతగాడు తియెరీ భార్య. చుట్టరికం లేకపోయినా ఓబ్రేని పిన్నీ అని పిలుస్తుంది. ఆ పిల్ల ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకుంది. పెద్దది మార్గరీత్, ఉయ్యాల్లో పడుకున్నది పడుకున్నట్టే పొద్దున్నకి ఊపిరి లేకుండా ఉంది. రెండోవాడు జెహాన్ జ్వరంతో పోయాడు. ఇప్పుడు మళ్ళీ నెలలు నిండుతున్నాయి.

"ఈసారి జ్ఞానతల్లివి నువ్వే పిన్నీ. మాట తప్పకూడదు," అంది పెరొనెల్, కొట్టు గుమ్మంలో కూలబడి, వాచిన పాదాలు చాపుకుంటూ. "ఆడపిల్లయితే ఓబ్రే. మగపిల్లాడైతే ఓబ్రీ."

"నా పేరెందుకే? మూలపడ్డ పేరు. ఈ వీధిలో ఇప్పుడెవరు పెడుతున్నారు? అందరూ మరియలూ, జెహానులూను."

"మీ అమ్మకి పుట్టినవాళ్ళలో మిగిలిందెవరు? నువ్వొక్కదానివేగా. ఆ పేరులో ఏదో గట్టితనం ఉంది. నాకదే కావాలి."

జ్ఞానస్నానంలో పిల్లని ఎత్తుకునే జ్ఞానతల్లి తన పేరు పిల్లకివ్వడం అక్కడి ఆనవాయితీ. ఓబ్రేకి పిల్లలు లేరు. పైకి గొణిగింది గానీ ఆ రోజంతా వత్తులు పేనుతూ ఆ రెండక్షరాలూ నోట్లోనే చప్పరించింది.

సంత మొదలైన వారానికి ల్యూబెక్ నుంచి ఫోల్క్‌మార్ వచ్చాడు. ఏటా ఆవిడకి తేనెమైనం తెచ్చేది అతనే. ఆ మైనపు దిమ్మను లోపల పెట్టడానికి తియెరీ సాయం వచ్చాడు. వీధి మంత్రసాని తిఫెన్ కొవ్వొత్తి కోసం వచ్చి, కబుర్లు దొరికేసరికి కదలకుండా నిలబడింది. ఓబ్రే అందరికీ ద్రాక్షసారా పోసింది.

"నీ పేరు?" అన్నాడు ఫోల్క్‌మార్ చెమట తుడుచుకుంటూ. "తియెరీ? మా ఊళ్ళో దీత్రిష్. అదే ఇది! మీరు నమిలారు. పేర్లు మావి, మీరు నమిలి నమిలి మెత్తగా చేశారు."

"దానికి అర్థం కూడా ఉందా?" అన్నాడు తియెరీ.

"ఉంది. దీత్, జనం. రిష్, దొర. జనానికి దొర."

తిఫెన్ నోట్లో సారా బయటికి చిమ్మింది. "జనానికి దొరట! పెళ్ళాం కంచం ముందు పెడితేగాని చెయ్యి కడుక్కోడు!"

"మరి మా గుడి గురువుగారు? ఎవ్రార్ ఆయన పేరు," అన్నాడు తియెరీ.

"ఎబర్‌హార్ట్. ఎబర్ అంటే అడవిపంది. అంత మొండి."

ఇక నవ్వులు ఆగలేదు. ఎప్పుడో పూర్వం తూర్పు నుంచి వచ్చిన ఫ్రాంకులు ఆ నేలను ఏలారు. ఫోల్క్‌మార్ భాషకి దగ్గరదైన వాళ్ళ భాషను వాళ్ళ మనవలే మరిచిపోయారు. పేర్లు మాత్రం మిగిలాయి. ఆ పేర్లతో బతికేవాళ్ళకి వాటి లోపల మాటలున్నాయన్న సంగతే తెలియదు. తిఫెన్ సంగతి వేరు. ముగ్గురు రాజుల పండుగనాడు పుట్టింది కాబట్టి పండుగ పేరే పెట్టారని ఆవిడ అడక్కుండానే చెప్పింది. పెరొనెల్ అంటే పేతురు, పేతురంటే రాయి. అదీ అందరికీ తెలిసిందే.

"మరి నాది?" అంది ఓబ్రే. "ఓబ్రే."

"ఓబ్రే..." ఫోల్క్‌మార్ ఆ పేరును నోట్లో తిప్పాడు. "ముందు ఎలా ఉండేది? పాతగా ఎలా రాస్తారు?"

"మా జ్ఞానతల్లిదీ ఇదే పేరు. ఆవిడ చిన్నప్పుడు గుళ్ళో పాత గురువుగారు అల్బెరాదా అని పిలిచేవారట."

నవ్వు అతని మొహంలోనే ఆగిపోయింది. గిన్నె కింద పెట్టాడు. "తెలీదు. అది తెలీదు," అన్నాడు. తాగాల్సింది తాగకుండానే లేచిపోయాడు.

మిగిలినవాళ్ళు గమనించలేదు. ఓబ్రే గమనించింది. మర్నాడు కొట్టు తెరవకుండానే సంతకు వెళ్ళింది. గుడ్డల బేళ్ళ మధ్య, అరుపుల మధ్య అతని డేరా వెతికి పట్టుకుంది.

"నిన్న అబద్ధమాడావు," అంది.

"అమ్మా, నువ్వు మంచి గిరాకీ. మంచి గిరాకీకి చెడ్డ మాట చెప్పను."

"చెప్పకపోతే మైనం వేరేవాళ్ళ దగ్గర కొంటాను. ఇక నా గుమ్మం తొక్కకు."

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నీ పేరులో ముందు ముక్క అల్ప్. ఆ మాట మా ఇళ్ళల్లో గట్టిగా అనం. చిన్నది. మనిషి కాదు. నిద్రపోయేవాడి గుండెల మీద వచ్చి కూర్చుంటుంది. ఊపిరి రాదు. పెద్దవాళ్ళయితే లేస్తారు. పసివాళ్ళయితే..." చెయ్యి గాల్లో తిప్పి ఊరుకున్నాడు. "రాత్ అంటే సలహా. నీ పేరు అదీ. అల్ప్ సలహా."

"అది నాకిస్తుందా సలహా, నేను దానికిస్తానా?"

"పేరు అంత వివరంగా చెప్పదమ్మా," అన్నాడు ఫోల్క్‌మార్ దీనంగా.

ఇంటికి ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. మార్గరీత్ పోయిన నాడు పెరొనెల్ బాలింత జ్వరంతో ఒళ్ళు తెలియకుండా ఉంది. ఉయ్యాల పక్కన పడుకున్నది ఓబ్రేయే. పిల్ల చివరి నిద్ర దగ్గర ఉన్న మనిషి తనే. ఇంతకాలం అది ఒట్టి దుఃఖం. ఇప్పుడు దానికొక అనుమానం తోడైంది.

ఆ రోజు మైనం మాడింది. మర్నాడు వత్తులు వంకరపోయాయి. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తోచేది కాదు. గోడ అవతల పెరొనెల్ దగ్గినా చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వచ్చేది. వచ్చి, ఏం అడగాలో తెలియక మళ్ళీ లోపలికి పోయేది.

చివరికి ఎవ్రార్ గురువుగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన గుడి పెరట్లో చిక్కుడు తీగకు పుల్లలు గుచ్చుతున్నాడు.

"విన్నానమ్మా. నేను అడవిపందినట!" అని నవ్వాడు. ఆవిడ నవ్వకపోయేసరికి చేతులు దులుపుకున్నాడు. వర్తకుడి మాటంతా విన్నాడు. "చూడమ్మా, జ్ఞానస్నానంలో నీళ్ళు తగిలాక పేరులో ఏ దయ్యమూ నిలవదు. నీ మీద అవే నీళ్ళు పడ్డాయి. ఇంత వయసు వచ్చింది, ఎవరి గుండెల మీదైనా కూర్చున్నావా?"

 ఆయనకి మార్గరీత్ సంగతి గుర్తు లేనట్టుంది.

"నీకంత బెంగగా ఉంటే మరియ అని పెట్టు. జ్ఞానతల్లి తన పేరే ఇవ్వాలని ఏ శాసనమూ లేదు. అది మన అలవాటు, అంతే."

ఆ మాట పట్టుకుని పెరొనెల్ దగ్గరికి పరిగెత్తింది. పెరొనెల్ నూలు చుట్టుకుంటోంది.

"మరియ అని పెడదామే. దేవమాత పేరు. అంతకంటే రక్ష ఏముంటుంది?"

పెరొనెల్ చేతిలో కదురు ఆగింది. "బావి దగ్గర మరియా అని కేకేస్తే సగం వీధి తిరుగుతుంది. నాకు నీ పేరు కావాలన్నాను. ఇవ్వడానికి నీకేం బాధ పిన్నీ? అరిగిపోతుందా?"

"అది కాదే..."

"చచ్చే పిల్లలకి నీ పేరెందుకు దండగ అనుకుంటున్నావా?"

"నోరు కడుక్కో!"

"మరెందుకు? చెప్పు."

కడుపుతో ఉన్నదానికి ఆ మాట ఎలా చెబుతుంది? పెరొనెల్ మొహం అటు తిప్పుకుని నూలు చుట్టుకుంది. 

ఓబ్రేకి పేరిచ్చిన జ్ఞానతల్లి ఇంకా బతికే ఉంది. పెద్ద ఓబ్రే అంటారు. కళ్ళు పోయి, గుడివాళ్ళు నడిపే ధర్మాసుపత్రిలో గోడవారగా ఒక మంచంలో పడి ఉంటుంది. ఓబ్రే గిన్నెలో పులుసు పట్టుకెళ్ళింది.

"ఎవరది? పిల్లవా?" అంది ముసలావిడ వాసన చూసి. "మైనం వాసన. పిల్లవే."

"అవ్వా, మన పేరుకి అర్థం ఏమిటి? నీకెవరైనా చెప్పారా?"

"అర్థమా? జ్ఞానస్నానం నాడు నన్ను నీళ్ళలోంచి ఎత్తిన ఆవిడది. ఆవిడకి ఇంకొకావిడది. మాది ఓత్ అడవి అంచు కదా. మా అమ్మ ఊట దగ్గర రొట్టెముక్క పెట్టి వచ్చేది. తెల్లవాళ్ళకి."

"తెల్లవాళ్ళంటే?"

"పెద్దగా అడక్కూడదే. ఊట దగ్గర ఉంటారు. ఎవరు నిలుస్తారో ఎవరు పోతారో వాళ్ళకి తెలుసు. మీ అమ్మ ఒక్కొక్కరినీ పాతిపెట్టి పాతిపెట్టి నిన్ను కన్నప్పుడు నేనూ రొట్టె పెట్టి వచ్చాను. నువ్వు నిలుస్తావని చెప్పారు."

ఓబ్రే మంచం మీదికి వంగింది. "ఎవరు చెప్పారవ్వా? నువ్వు విన్నావా? మాటలతో చెప్పారా?"

"పులుసులో ఉప్పు లేదు," అంది ముసలావిడ. మరెంత అడిగినా ఉప్పు సంగతే ఎత్తింది.

దారిలో ఓబ్రే రెండుసార్లు ఆగిపోయింది. గుండెల మీద కూర్చునేవాళ్ళూ, ఊట దగ్గర కబురు చెప్పేవాళ్ళూ ఒకరేనా? ఒకరే అయితే, తనని బతికించినవాళ్ళే మార్గరీత్ ఊపిరి తీశారా? లేక ఆ కబురు తనకీ చెప్పాలని వస్తే తను నిద్రపోయిందా? ఏ దారిన ఆలోచించినా మనసుకి కూర్చునే చోటు దొరకలేదు.

వీధి మలుపు తిరిగేసరికి తియెరీ ఎదురుగా పరిగెత్తుకొచ్చాడు. "పిన్నీ! ఎక్కడికి పోయావు? ముందే నొప్పులొచ్చేశాయి! తిఫెన్ వచ్చింది, నిన్ను రమ్మంటోంది!"

లోపల కిటికీలన్నీ మూసేసి ఉన్నాయి. మిట్టమధ్యాహ్నపు ఉక్క. పెరొనెల్ జుట్టంతా తడిసి మొహానికి అతుక్కుంది. ఓబ్రే ఆమె వెనక కూర్చుని రెండు చేతులా పట్టుకుంది. గుళ్ళో సాయంత్రపు గంట కొట్టే ముందు పిల్ల బయటపడింది. ఆడపిల్ల. నీలంగా ఉంది. ఏడవలేదు.

తిఫెన్ పిల్ల కాళ్ళు పట్టుకుని తలకిందులు చేసింది, వీపు మీద చరిచింది, నోట్లో వేలు పెట్టి తీసింది. ఆనాటి హాస్యం ఏమీ లేదు ఆవిడ మొహంలో. "నీళ్ళు! జ్ఞానస్నానం లేకుండా పిల్ల పోకూడదు, ఇక గురువుగారికోసం ఆగలేను. నేనే పోస్తాను. పేరేమిటి?"

ఓబ్రే నోరు తెరిచింది. ఏ పేరూ రాలేదు. మరియ నాలుక చివరే ఉంది. అది అంటే పెరొనెల్‌కి ద్రోహం. తన పేరంటే ఆ బిడ్డకి ద్రోహం.

"పేరు చెప్పవే! పిల్ల దక్కేట్టు లేదు!"

"ఓబ్రే...!" అని మంచం మీంచి పెరొనెల్ కేక వేసింది. తరవాత పిన్నీ అనబోయిందో, ఇంకేమనబోయిందో, ఇంకో నొప్పి వచ్చి మిగతా మాట మింగేసింది.

తిఫెన్ ఇక దేనికీ ఆగలేదు. దోసిలితో నీళ్ళు పిల్ల నెత్తిన పోసింది. "ఓబ్రే, పిత పుత్ర పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను."

నీళ్ళు చల్లగా తగిలాయో ఏమో, పిల్ల ముడుచుకుంది. ఒక బుడగ పేలినట్టు చిన్న శబ్దం. ఆ తర్వాత సన్నగా, కోపంగా ఏడుపు. తిఫెన్ నేల మీద కూలబడి మొహం చేతుల్లో దాచుకుంది.

రెండు రోజులకి పిల్ల నిలదొక్కుకుంది. మిగిలిన తంతు కోసం గుడికి తీసుకెళ్ళారు. తల్లి బాలింత కాబట్టి రాలేదు. గుమ్మం దగ్గర ఎవ్రార్ గురువుగారు తిఫెన్‌ని అడిగాడు.

"నీళ్ళు పోశావా? మాటలు తప్పకుండా అన్నావా?"

"అన్నాను స్వామీ."

"ఏ పేరుతో?"

తిఫెన్ ఓబ్రే వైపు చూసింది. గురువుగారూ చూశాడు. ఆ చూపులో, ఇంకేదైనా చెప్పాలనుంటే ఇప్పుడే చెప్పు, నేను తరచి అడగను అన్నట్టు ఉంది. ఓబ్రే చేతుల్లో పిల్ల కదిలింది. నీళ్ళు పోసినప్పుడు ఒక పేరు, గుళ్ళో ఇంకో పేరు చెబితే, రేపు దేవుడు ఏ పేరుతో పిలుస్తాడు? పిల్ల ఏ పేరుకు పలుకుతుంది?

"ఓబ్రే," అంది. పిల్లని ఆయన ముందుకి పట్టింది.

గురువుగారు తంతు ప్రకారం పిల్ల నాలుక మీద ఉప్పు వేశాడు.

అక్కణ్ణుంచి ఇంటికి వచ్చి, పిల్లని పెరొనెల్ ఒళ్ళో పెట్టబోయి ఆగింది. ఇక లోపల దాచుకోలేకపోయింది. వర్తకుడి మాట, పెద్ద ఓబ్రే మాట, మార్గరీత్ పక్కన తను పడుకున్న సంగతి, అంతా చెప్పేసింది. చెబుతున్నంత సేపూ గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

పెరొనెల్ చేతులు చాపింది. "పిల్లనివ్వు," అంది. ఓబ్రే ఇచ్చింది. "ముందే తెలిసి, నీళ్ళు పోసేటప్పుడు నోరు మూసుకున్నావు."

"నాకు నోరు పెగల్లేదే."

"వెళ్ళు పిన్నీ. నాకు నిద్రొస్తోంది."

ఆ తర్వాత పెరొనెల్ కబురంపలేదు, ఓబ్రే వెళ్ళలేదు. సంత ముగిసి డేరాలు ఎత్తేశారు. ఫోల్క్‌మార్ చెప్పకుండానే వెళ్ళిపోయాడు. పక్కింట్లో పిల్ల ఏడిస్తే ఓబ్రేకి ప్రాణం లేచొచ్చేది. ఏడుపు ఆగితే పనిలోంచి లేచి గోడకి చెవి ఆనించేది. మళ్ళీ ఏడుపు వినబడేదాకా కదిలేది కాదు. తియెరీ వీధిలో కనబడితే, "పిల్ల ఎలా ఉంది?" అని అడిగేది. "తింటోంది, తడుపుతోంది," అనేవాడు అతను, కళ్ళు కలపకుండా.

నలభై రోజులు నిండాక బాలింత గుడికి వెళ్ళి దీవెన పుచ్చుకోవాలి. చేతిలో కొవ్వొత్తి ఉండాలి. ఆ వీధిలో కొవ్వొత్తి కావాలంటే ఒకటే కొట్టు. ఓబ్రే కొవ్వొత్తి చేసి ఉంచింది గానీ, దాన్ని తియెరీ వచ్చి తీసుకెళ్తాడనుకుంది.

గుమ్మంలోకి పెరొనెల్ వచ్చింది. చంకలో పిల్ల. చిక్కింది, మొహం మాత్రం తేటగా ఉంది.

"తిఫెన్ని అడిగాను," అంది కూర్చోకుండానే. "ఆ రోజు నేను ఏమన్నానో నాకు గుర్తు లేదు. ఓబ్రే అని అరిచానట. పేరు పెట్టాలని కాదు. భయమేసి నిన్ను పిలిచాను. అంతే అయి ఉంటుంది."

ఓబ్రే కొవ్వొత్తి తీసి బల్ల మీద పెట్టింది.

"పునీత మార్గరీతు పురుళ్ళు కాచే తల్లి అన్నారు. ఆ పేరే పెట్టాను. పోయింది. పునీత యోహాను కంటే పెద్దవాడెవరున్నాడు? జెహాన్ అంటే ఆయన పేరే, అదీ పెట్టాను. వాళ్ళని నేనేమీ అనను. కానీ వాళ్ళ వంతు అయిపోయింది పిన్నీ. ఇప్పుడు ఆ ఊట దగ్గరున్నవాళ్ళెవరో, గుండెల మీద కూర్చునేవాళ్ళెవరో, వాళ్ళ సలహాయే దీని దగ్గర ఉందంటే ఉండనీ. మిగతా పిల్లలకంటే ఎక్కువే తెలుస్తుంది దీనికి."

"అలా అనకే. పాపం."

"పాపమైతే గురువుగారికి చెప్పుకుంటాను. ఇప్పుడు అక్కడికేగా వెళ్తున్నాం." పెరొనెల్ పిల్లని ఇంకో చంకకి మార్చుకుంది. "మార్గరీత్ పోయిన రాత్రి ఉయ్యాల పక్కన నువ్వు కాక నేనే ఉంటే, నన్నేమనుకునేదాన్ని? అది ఆలోచించడానికి ఇన్ని రోజులు పట్టింది. పిల్లని పట్టుకో. నా చేతులు లాగుతున్నాయి."

ఓబ్రే గుడ్డకి చేతులు తుడుచుకుని పిల్లని అందుకుంది. బరువెక్కింది. నిద్రలో పెదవులు చప్పరిస్తోంది. అరచెయ్యి పిల్ల ఛాతీ మీద ఆనించబోయి, పైనే ఆపేసింది. మళ్ళీ ఆనించింది. పైకీ కిందికీ కదులుతోంది. అయినా చెయ్యి తీయలేకపోయింది.

"అంత గట్టిగా నొక్కకు, లేస్తుంది," అంది పెరొనెల్ కొవ్వొత్తి వత్తి సరిచేసుకుంటూ. "లేస్తే గుడిదాకా ఏడుస్తుంది. తమరికి బాగా తెలిసిన పేరేగా, తమరే ఊరుకోబెట్టుకోవాలి."

నలుగురు ఆడవాళ్ళు వీధిలో ఎదురుచూస్తున్నారు. పెరొనెల్ ముందు నడిచింది, వెనకే పిల్లతో ఓబ్రే. సెప్టెంబరు ఎండ మెత్తగా ఉంది. గుడిదాకా ఓబ్రే అడుగడుక్కీ పిల్ల మొహంలోకి చూస్తూ నడిచింది. ఒకసారి రాయి తట్టుకుని తూలితే తిఫెన్ పట్టుకుని, "ముందు చూసి నడువు తల్లీ, పిల్లెక్కడికీ పోదు," అని విసుక్కుంది.

ఆ పిల్ల నిలిచింది. ఆ చలికాలమంతా ఓబ్రే ఏదో ఒక సాకుతో, నిప్పు కావాలనో, సూది పోయిందనో, పొద్దున్నే పక్కింటి తలుపు తట్టేది. తియెరీ తలుపు తీసి, ఏమీ అడక్కుండా ఉయ్యాల వైపు చూపించి పక్కకు తప్పుకునేవాడు.